బండ్లు ఆగని స్టేషను

అమెరికా వెళ్ళి ఏం చూసొచ్చావమ్మా అని చర్చిలో అందరూ అడుగుతున్నారు. మూసేసిన రైల్వే స్టేషను చూసొచ్చాను అంటే నవ్వుతున్నారు. మేడలు చూడలేదా, జలపాతం చూడలేదా అంటారు. మేడలు చూశాను, మెడ నొప్పి పుట్టింది. జలపాతం చూపిస్తామన్నారు, మోకాళ్ళు ఒప్పుకోలేదు. స్టేషను గురించి మాత్రం చెప్పాలనుంది. నాకు సంతకం పెట్టడం వచ్చు, అంతకు మించి రాదు. నేను చెబుతుంటే మా వీధిలో ఉండే సరోజినీ టీచరుగారు రాస్తున్నారు. తప్పులుంటే నావి, అక్షరాలు ఆవిడవి.

మా ఆయన రేపల్లె లైను మీద గేట్‌మన్. దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడే పోయారు. ఉప్పెన వల్ల కాదు, గుండె ఆగి, గేటు పక్కన వేసుకున్న మంచం మీదే. మా చెల్లెలి కూతురు సుశీల నర్సు చదివి అమెరికాలో ఆస్పత్రి ఉద్యోగం చేస్తోంది. దానికి రెండో కాన్పు వచ్చినప్పుడు సాయానికి నన్ను పిలిపించుకుంది. అప్పటికి పంతొమ్మిదివందల ఎనభైలు సగం దాటాయి. ఉన్నన్నాళ్ళూ పసిదాని ఉయ్యాల, వంటిల్లు, నా మోకాళ్ళ తైలం, అంతే. ప్రయాణం అని చేసింది ఒక్కటే. శుక్రవారం బయలుదేరి సోమవారం తిరిగొచ్చాం. అదే చెబుతున్నాను.

ఫార్మింగ్టన్ హిల్స్

సుశీల వాళ్ళుండే ఊరు డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్. హిల్స్ అంటే కొండలట. నేనున్నంత కాలం ఒక్క కొండ కనబడలేదు. ఇళ్ళు ఉంటాయి, గడ్డి ఉంటుంది, మనిషి ఉండడు. పొద్దున్న గరాజు తలుపు పైకి లేస్తుంది, కారు పోతుంది, తలుపు దిగుతుంది. సాయంత్రం మళ్ళీ అదే. పక్కింటావిడ ముఖం నేను చూసింది వాళ్ళ కుక్క తప్పిపోయినప్పుడే.

సుశీల భర్త ప్రభాకర్ కార్ల ఫ్యాక్టరీలో ఇంజనీరు. మంచివాడే. "టీ ఉందా అత్తయ్యా?" అన్నది తప్ప నాతో మాట్లాడడానికి అతనికి విషయం దొరకదు. అతని స్నేహితుడు సామ్యూల్ గారు షికాగో పక్కన షామ్‌బర్గ్ అనే ఊళ్ళో ఉంటారు. అక్కడి మన తెలుగు క్రైస్తవులు కలిసి ఆరాధనకి సొంతంగా ఒక చోటు చూసుకున్నారు. శనివారం మొదటి ప్రార్థన పెట్టుకున్నారు. వాళ్ళంతా కుర్రకారు, పెద్ద వయసు మనిషి లేదు. అందుకని మొదటి అడుగు నేను పెట్టి ప్రార్థన చెయ్యాలని కబురు చేశారు.

నన్ను! మనం క్రైస్తవులమే అయినా పెళ్ళిళ్ళలో విధవను ఏ వరసలో కూర్చోబెడతారో మీకు తెలియనిది కాదు. నా సొంత చెల్లెలు కొత్తింట్లోకి వెళ్ళినప్పుడు కూడా అందరూ వెళ్ళాక చివరన వెళ్ళాను. ఎవరూ చెప్పలేదు. ఎక్కడ నిలబడాలో నాకే తెలుసు. అలాంటిది ఒక మందిరంలోకి మొదటి అడుగు నాదట. ఆ వారమంతా పసిదాన్ని ఊపుతూ ప్రార్థన మాటలు కూర్చుకున్నాను.

చలి మొదలైందని సుశీల నన్ను స్వెటరు కొనడానికి తీసుకెళ్ళింది. సగం ధరకి వస్తోందని ఎర్రది తీసి నా భుజాల మీద వేసింది.

"ఎరుపు వద్దే" అన్నాను.

దాని ముఖం అదోలా అయిపోయింది. "పెద్దమ్మా, ఇక్కడ ఎవరూ ఏమీ అనుకోరు. విడోస్ కూడా రెడ్ వేసుకుంటారు. లిప్‌స్టిక్ కూడా పెట్టుకుంటారు."

"అందుక్కాదు. లైను పక్కన ఎరుపు కట్టకూడదు."

"ఇక్కడ లైను ఎక్కడుంది?"

"లేదని నా ఒంటికి తెలియదుగా."

గేటు దగ్గర ఉన్నన్ని ఏళ్ళూ నేను ఎర్ర చీర కట్టలేదు. ఎర్ర గుడ్డ బయట ఆరెయ్యలేదు. గాలికి ఎగిరిందంటే డ్రైవరు చూసి బండి ఆపుతాడు, మా ఆయన ఉద్యోగం ఆగిపోతుంది. చివరికి ఆకుపచ్చది కొన్నాం. అది పూర్తి ధర. కారు ఎక్కేదాకా సుశీల గొణుగుతూనే ఉంది.

దారిలో

అక్కడ ప్రయాణమంటే కూర్చోవడమే. కిటికీ తియ్యనివ్వరు. పల్లీలవాడు ఎక్కడు, గుడ్డివాడు పాట పాడుకుంటూ రాడు, ఎదుటి సీటామె మీదే ఊరు అని అడగదు. సుశీల పిల్లలిద్దరూ నా పక్కనే నిద్రపోయారు. నడుము పట్టేసింది. చెట్ల ఆకులు ఎర్రబడి, పసుపెక్కి ఉన్నాయి. చూడు పెద్దమ్మా ఎంత అందమో అని సుశీల ఒకటే చెప్పడం. నాకు రాలిపోయే ఆకు రాలిపోయే ఆకులాగే కనబడింది.

ఇంతలో వెనక సంచీలో గోంగూర పచ్చడి సీసా మూత వదులై నూనె కారింది. ప్రభాకర్ కొత్త కోటు దాని పక్కనే ఉంది. అతను కారు ఆపి కోటు మీది నూనె కాగితంతో తుడిచాడు.

తినడానికి ఒక చిన్న ఊళ్ళో ఆగాం. పాన్‌కేకులని తెచ్చారు. మన దిబ్బరొట్టెకి తమ్ముడు, కాకపోతే పులుపు లేదు, ఉప్పు లేదు. పైన పాకం పోస్తారు. వాళ్ళకి అన్నిటిమీదా పాకమే. నాకు ఒక్క ముద్ద దిగలేదు. సంచీలోంచి మిగిలిన గోంగూర తీసి అంచున వేసుకున్నాను. జడలో పెన్సిల్ గుచ్చుకున్న వడ్డించే ఆవిడ వచ్చి నడుము మీద చెయ్యి పెట్టుకుని చూసింది.

"వాట్స్ దట్, హనీ?"

సుశీల సిగ్గుపడి మూత పెట్టబోయింది. నేను చెంచాతో కాస్త తీసి ఆవిడ ముందు పెట్టాను. నాలిక మీద వేసుకుంది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది. గ్లాసు నీళ్ళు తాగి, పడీపడీ నవ్వి, లోపలున్న వంటవాడికి రుచి చూపించడానికి ఇంకో చెంచా పట్టుకుపోయింది. అక్కడ రెండోసారి పోసిన కాఫీకి డబ్బు తీసుకోరు. అడగకుండానే పోస్తూ ఉంటారు. ఆ ఫలహారం ఖరీదు రూపాయల్లో ఎంత బాబూ అని ప్రభాకర్‌ని అడిగితే "వద్దులెండి అత్తయ్యా, తిన్నది అరగదు" అన్నాడు. నాతో అతను మొదటిసారి హాస్యమాడింది అప్పుడే.

ఆ ఊరు దాటుతుంటే గంట మోగింది. ఎర్ర దీపాలు వెలిగి ఆరుతున్నాయి. చారల గేటు దానంతటదే దిగింది. గూడ్సు బండి వెళ్ళింది. గేటు దానంతటదే లేచింది. నేను అటూ ఇటూ చూశాను. గది లేదు, కుండ లేదు, మంచం లేదు, మొక్కజొన్న కాల్చుకునే పొయ్యి లేదు.

"గేట్‌మన్ ఏడీ?" అన్నాను.

"ఆటోమేటిక్, అత్తయ్యా. మనిషి అక్కర్లేదు."

అక్కర్లేదు. సరే. ఆ మాట మీదే కళ్ళు మూసుకుని షికాగో వచ్చేదాకా పడుకున్నాను.

షామ్‌బర్గ్

షికాగో దగ్గర రోడ్డుకి డబ్బు కట్టాలి. ఒక బుట్ట ఉంటుంది, కారు కిటికీలోంచి చిల్లర దాంట్లోకి విసరాలి. బుట్ట మింగి దారి వదులుతుంది. ప్రభాకర్ విసిరిన నాణెం ఒకటి కింద పడింది. దిగి వెతుకుతుంటే వెనక కార్లన్నీ హారన్లు కొట్టాయి. అక్కడ కూడా మనిషి లేడు.

సామ్యూల్ గారి ఇల్లు కొత్తది. మొన్నటిదాకా అదంతా మొక్కజొన్న చేనేనట. సామ్యూల్ గారు గుంటూరు మనిషి, పొడగరి, గొంతు మైకు అక్కర్లేనిది. "వందనాలండీ అమ్మగారూ! మీరు రావడం మాకు దేవుడిచ్చిన దీవెన" అన్నారు. ఆయన భార్య విమల చేపల పులుసు పెట్టింది. చేప చెరువుదే, ముళ్ళు తీసేసి అమ్ముతారు. ముల్లు లేని చేప తింటుంటే ఏదో పోగొట్టుకున్నట్టుంది.

భోజనాల దగ్గర సంగతి చెప్పారు. ఇన్నాళ్ళూ వాళ్ళు అమెరికన్ల చర్చిలో కింద బేస్‌మెంట్‌లో, ఆదివారం మధ్యాహ్నం, అందరూ వెళ్ళాక ఆరాధన చేసుకుంటున్నారు.

"మన కూర వాసన రెండ్రోజులుంటుందట పెద్దమ్మగారూ" అంది విమల. "మేం వెళ్ళాక కిటికీలన్నీ తెరుస్తారు. చలికాలం కూడా తెరుస్తారు. నేను కళ్ళారా చూశాను."

"ఎనఫ్ ఈజ్ ఎనఫ్ అనుకున్నాం" అన్నారు సామ్యూల్ గారు. "పక్క ఊళ్ళో ఓ రైల్వే స్టేషన్ క్లోజ్ అయిపోయి ఖాళీగా ఉంది. సిటీవాళ్ళు, అంటే ఇక్కడి మున్సిపాలిటీ, లీజ్‌కిస్తామన్నారు. ఈ శని ఆదివారాలు వాడి చూడమని కీ కూడా ఇచ్చారు. కింద వెయిటింగ్ హాల్ మనకి సరిపోతుంది. పైన రూమ్స్‌లో సండే స్కూల్."

రైల్వే స్టేషను అనగానే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"పైన ఇప్పుడు ఎవరూ లేరా?" అని సుశీల అడిగింది.

"ఉందమ్మా ఒకావిడ, మార్గరెట్ అని. పాత స్టేషన్ ఏజెంట్ వైఫ్. హస్బెండ్ పోయాడు, అయినా అక్కడే ఉంటోంది. సోమవారం మేం ఓకే చెబితే సిటీ నోటీసు ఇచ్చి ఖాళీ చేయిస్తుంది."

"ఎక్కడికి పోతుంది బాబూ?" అన్నాను.

"ఓల్డేజ్ హోమ్స్ ఉన్నాయండీ, చాలా నీట్‌గా ఉంటాయి. ఒంటరిగా ఉండి ఆవిడకి కొంచెం ఇది కూడా" అని కణత దగ్గర వేలు తిప్పారు. "గూడ్సు బండి వస్తే చాలు, పరిగెత్తుకొచ్చి ప్లాట్‌ఫామ్ మీద నిలబడి చెయ్యి ఊపుతుంది. వానలో కూడా."

"చెయ్యి ఎప్పుడు ఊపుతుంది? ఇంజను వచ్చినప్పుడా, వెనక పెట్టె వచ్చినప్పుడా?"

సామ్యూల్ గారు తెల్లబోయారు. "అదెవరు చూశారండీ అమ్మగారూ? ఇంకో ముక్క వేసుకోండి."

స్టేషను

పసుపు ఇటుకల కట్టడం. పైన పెంకుల చూరు ప్లాట్‌ఫామ్ మీదకి గొడుగులా వంగి ఉంది. ఊరి పేరు రాసిన బల్ల ఊడదీశారు, దాని నీడ మాత్రం గోడమీద మిగిలింది. టికెట్ల కిటికీకి లోపలి నుంచి చెక్క కొట్టేశారు. రెండు లైన్లు ఉండేవట. ఒకటి పీకేశారు, అక్కడ గడ్డి మొలిచింది. రెండో లైను మీద గూడ్సులు తిరుగుతున్నాయి. పట్టాలు నిగనిగలాడుతున్నాయి. ఆవతల కూడా ఒక ప్లాట్‌ఫామ్ ఉంది, దాని మీద రేకుల పాక. మూసేసిందన్నమాటే గాని ఊడ్చిన స్టేషను అది. ఆకులు రాలే కాలంలో ప్లాట్‌ఫామ్ మీద ఒక్క ఆకు లేదు.

మన వాళ్ళు పిల్లాపాపలతో, పులిహోర గిన్నెలతో, మడత కుర్చీలతో వచ్చారు. తలుపుకి అడ్డంగా తెల్ల రిబ్బను కట్టారు. సామ్యూల్ గారు కత్తెర నా చేతిలో పెట్టారు. అందరూ నాకు దారి ఇచ్చి వెనక్కి జరిగారు. నా జన్మలో నాకోసం ఎవరూ అలా వెనక్కి జరగలేదు.

పైకి చూశాను. మేడ కిటికీలో తెర కదిలింది. తెర వెనక తెల్ల జుట్టు.

నాకు మా గేటు గది గుర్తొచ్చింది. ఆయన పోయాక గది ఖాళీ చెయ్యాలని రైల్వేవాళ్ళు గడువు పెట్టారు. ఆ రోజున కొత్త గేట్‌మన్ పెట్టె బేడాతో వచ్చేశాడు. అతని భార్య సూరమ్మ, నెత్తిన మూటతో. పొయ్యి మీద నా అన్నం ఇంకా ఉడుకుతోంది. అతను లోపలికి రాబోయాడు. సూరమ్మ అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. బయట ఎండలో పెట్టె మీద కూర్చుంది. నేను అన్నం వార్చుకున్నాను. తిన్నాను. గిన్నె కడుక్కున్నాను. గది ఊడ్చాను. అప్పుడు బయటికొచ్చి "రా అమ్మా" అన్నాను. అప్పుడు లేచింది. గది పోయిందన్న బాధ ఎప్పుడో మరిచిపోయాను, సూరమ్మ ఆ ఎండలో కూర్చోవడం మరిచిపోలేదు.

కత్తెర సామ్యూల్ గారి చేతిలో పెట్టేసి ప్లాట్‌ఫామ్ మీది బెంచీ మీద కూర్చున్నాను.

"ఏమైంది అమ్మగారూ? కాళ్ళ నొప్పులా?"

"కాళ్ళ నొప్పులు ఎప్పుడూ ఉన్నవే. పైన ఉన్నావిడ రమ్మంటే వస్తాను."

"ఆవిడెందుకు రమ్మంటుందండీ? ఆవిడకి మనమంటే పడదు. రెండుసార్లు తలుపు కొడితే తియ్యలేదు."

"అయితే కూర్చుంటాను."

సామ్యూల్ గారు సుశీల వైపు చూశారు. సుశీల ప్రభాకర్ వైపు చూసింది. ప్రభాకర్ తన గోంగూర కోటు వైపు చూసుకున్నాడు. విమల పులిహోర గిన్నె మీద మూత సర్దింది. పిల్లలు ఆకలి అంటున్నారు. సుశీల నా పక్కన కూర్చుని చెవిలో "పెద్దమ్మా, పరువు తియ్యకు. వాళ్ళకీ చోటు కావాలిగా" అంది. నిజమే, వాళ్ళకీ కావాలి. చలికాలంలో కిటికీలు తెరిచే ఇంట్లో ఎన్నాళ్ళుంటారు? నా దగ్గర ఉన్నదల్లా బెంచీ.

అప్పుడు కాళ్ళకింద సన్నగా అదురు తెలిసింది. చెవికి తెలిసేకంటే ముందు పాదానికి తెలుస్తుంది బండి. దూరంగా గేటు గంట మోగింది. పక్కన మెట్ల తలుపు తెరుచుకుంది. మార్గరెట్టమ్మ దిగింది. పొట్టి మనిషి, మగవాడి కోటు, కాళ్ళకి ఉన్ని మేజోళ్ళు. మా ఎవరి వంకా చూడలేదు. ప్లాట్‌ఫామ్ అంచుకి ఇంత ఎడంగా నిలబడి, కాళ్ళు ఎడం పెట్టి, చూపు కిందికి దించింది. చక్రాల ఎత్తుకి.

పిచ్చిది కాదు. బండిని చూస్తోంది.

ఇరుసు కాలి పొగ వస్తోందా, గొలుసేదైనా వేలాడుతోందా, తలుపు ఊడిందా అని వెళ్ళే ప్రతి బండినీ చూడాలి. వెనక పెట్టెలో గార్డు వచ్చినప్పుడు అంతా బాగుందని సైగ చెయ్యాలి. మా ఆయన ఆకుపచ్చ జెండా పట్టుకుని ఒక వైపు చూసేవారు. బండికి రెండు వైపులుంటాయి కదా. రెండో వైపు చూడడానికి రైల్వే మాకు మనిషిని ఇవ్వలేదు. ఆ వైపు నేను నిలబడేదాన్ని, చంకలో ఎవరో ఒకరి పిల్లతో, ఎసరు పొయ్యిమీద వదిలేసి.

బండి ఇంకా మలుపు అవతలే ఉంది. ప్లాట్‌ఫామ్ చివర దాటడానికి చెక్కలు పరిచి ఉన్నాయి. నేను లేచి అటు నడిచాను. సుశీల "పెద్దమ్మా!" అని కేక పెట్టింది. సామ్యూల్ గారి గొంతు రైలు కూతకంటే పెద్దగా వినబడింది. దాటేశాను. ఆవతలి ప్లాట్‌ఫామ్ ఎక్కి నిలబడ్డాను. ఊపిరి అందలేదు. స్వెటరు విప్పి చేతిలో పట్టుకున్నాను, జెండాలాగే.

బండి వచ్చింది. ఎంత పొడుగు బండి! మన గూడ్సుకి పెద్దన్న. మా ఇద్దరి మధ్య నుంచి పెట్టె తర్వాత పెట్టె పోతోంది. సందుల్లోంచి ఆవిడ కోటు కనబడుతోంది, పోతోంది. చక్రాలు చూశాను. పొగ లేదు. ఒక పెట్టెకి గొళ్ళెం ఊగుతోంది, ప్రమాదమేమీ లేదు. చివర ఎర్ర రంగు పెట్టె వచ్చింది. దాని వెనక ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఆవిడ వైపు చెయ్యెత్తాడు. తర్వాత తల తిప్పి ఇటు చూశాడు. చీర కట్టుకుని ఆకుపచ్చ స్వెటరు చాచిన ముసలిదాన్ని చూశాడు. నోరు తెరిచాడు. అయినా చెయ్యెత్తాడు.

బండి పోయాక మా మధ్య పట్టాలే మిగిలాయి. ఆవిడ నన్ను చూసింది. నేను ఆవిణ్ణి చూశాను. ఏదో అరిచింది.

సుశీల ఆ ఒడ్డు నుంచి కేకేసి చెప్పింది. "నీ వైపు ఏమైనా కనిపించిందా అని అడుగుతోంది పెద్దమ్మా!"

"ఒక గొళ్ళెం ఊగుతోంది, అంతే అని చెప్పు."

సుశీల చెప్పింది. మార్గరెట్టమ్మ తలాడించింది. నేను చెక్కల మీదుగా ఇవతలికి వచ్చేదాకా అక్కడే నిలబడింది. దగ్గరికొచ్చాక నా మోచెయ్యి పట్టుకుంది. చేతులు మంచుగడ్డలు.

"మా ఆయన పోయాక ఆ వైపు ఎవరూ చూడలేదు అంటోంది" అంది సుశీల. "కాఫీకి పైకి రమ్మంటోంది."

పిలిచింది కదా. వెళ్ళాను. మెట్ల తలుపు గాలికి మూసుకుపోయింది, దాని తాళం చెవి పైనే ఉండిపోయింది. హాలు లోపల్నుంచి ఇంకో మెట్లదారి ఉందట. ఆవిడ సూటిగా పెద్ద తలుపు వైపు నడిచి, జేబులోంచి హాలు తాళం చెవి తీసి తిప్పి లోపలికి వెళ్ళిపోయింది. రిబ్బను చూసుకోలేదు. అది తెగి ఆవిడ కోటు భుజానికి అంటుకుని వెనకాలే వెళ్ళింది. సామ్యూల్ గారు కత్తెర పట్టుకుని అలాగే ఉండిపోయారు.

మేడ మీద

వంటగది, పడకగది, అంతే. కాఫీలో పాలు లేవు. కుర్చీ కిటికీ దగ్గర వేసి ఉంది. రెండు దిక్కులా లైను కనబడుతుంది. స్టేషను కథ ఆవిడ చెబుతుంటే సుశీల తెలుగులో అందించింది.

ఆవిడ పెళ్ళయి వచ్చేనాటికి చుట్టూ చేలు, పాడి. తెల్లవారే బండికి పాలక్యాన్లు ఎక్కేవి. కింద ఆ చప్పుడుకే ఆవిడకి మెలకువ. తర్వాత పట్నం దొరలు రైలుందని ఇక్కడ ఇళ్ళు కట్టుకున్నారు. ఊరు రైలు చుట్టూ పెరిగింది. పొద్దున్న బండికి అంతా టోపీలే, పై నుంచి చూస్తే పుట్టగొడుగుల్లా ఉండేవట. యుద్ధం రోజుల్లో కుర్రవాళ్ళు ఇక్కడే ఎక్కారు. కొందరు ఇక్కడే దిగారు. కొందరి తల్లులు చాలాకాలం ఊరికే వచ్చి బెంచీ మీద కూర్చునేవారట. ఈవిడ వాళ్ళకి కాఫీ దించేది. ఆ తర్వాత పెద్ద రోడ్డు పడింది. ఇంటికో కారు వచ్చింది. బండ్లు తగ్గాయి. టికెట్ల కిటికీ మూశారు. తర్వాత బండి ఆగడం మానేసింది. ఆగిన చివరి బండికి ఎప్పుడూ ఎక్కనివాళ్ళు కూడా కెమెరాలతో వచ్చారట. "అందులో సగం మంది ముందే ఎక్కి ఉంటే ఆగేది కదా" అని నవ్వింది, దగ్గింది. మర్నాడు వాళ్ళాయన యథాప్రకారం లేచి ప్లాట్‌ఫామ్ ఊడ్చాడు. ఆ చలికాలమే పోయాడు.

"మరి నీ గది ఏమైంది?" అని నన్ను అడిగింది.

సూరమ్మ సంగతి చెప్పాను. ఎండ, పెట్టె, అన్నం. సుశీల తర్జుమా చేస్తూ మధ్యలో ఆగిపోయింది. ఈ సంగతి దానికీ తెలియదు. ముక్కు తుడుచుకుని మళ్ళీ చెప్పింది.

మార్గరెట్టమ్మ కప్పు దించింది. కింద పిల్లలు పరిగెత్తే చప్పుడు వినబడుతోంది.

"కింది హాలు వాళ్ళని తీసుకోమను. ఊరికే ఊడ్చి ఊడ్చి నాకూ విసుగొచ్చింది. ఈ మెట్లు మాత్రం నావి. ప్రార్థన కేకలు మరీ ఎక్కువైతే చీపురుకర్రతో నేల మీద కొడతాను."

కిందికి దిగి సామ్యూల్ గారికి అదే చెప్పాను. ఆయన బుర్ర గోక్కున్నారు. "సిటీ హోల్ బిల్డింగ్ అంటోందండీ అమ్మగారూ. ఒప్పుకోవాలిగా."

"ముందు మీరు అడగాలిగా."

"సండే స్కూల్ ఎక్కడ పెట్టమంటారు?"

విమల హాలు చివర సామాన్ల గది తలుపు తోసింది. "ఇదేంటండీ మరి? మన గరాజంత ఉంది. అడగండి. అడిగితే నోరు అరిగిపోదు."

ఆయన పెదవి విరిచారు, తర్వాత నవ్వేశారు. "సరే. అడుగుతాను. మీరు ప్రార్థన చెయ్యండి, పులిహోర చల్లారిపోయింది."

కూర్చుకున్న పెద్ద పెద్ద మాటలన్నీ మరిచిపోయాను. ప్రభువా, ఈ ఇంట్లో ముందునుంచీ ఉన్నదాన్ని ఉండనియ్యి, వెనక వచ్చినవాళ్ళకి చోటియ్యి అన్నాను. అంతే వచ్చింది. పైనుంచి కర్ర చప్పుడు రాలేదు.

ఆదివారం

మర్నాడు మధ్యాహ్నం హాల్లో ఆరాధన. పాట ఎత్తుకుంటే ఆ పాత కప్పు గొంతుల్ని మోసింది. మార్గరెట్టమ్మ వచ్చి ఆఖరి వరసలో, తలుపు పక్కన కూర్చుంది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా కూర్చుంది. సామ్యూల్ గారు ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన ప్రార్థన మన రేపల్లె ప్యాసింజరు, ప్రతి చోటా ఆగుతుంది. అందరూ కళ్ళు మూసుకున్నారు. నా పాదాలకింద నేల అదిరింది. కళ్ళు తెరిచాను. వెనక కుర్చీ కీచుమంది.

నేనూ లేచాను. కళ్ళు తెరిచిన విమల చూసి, తన కాళ్ళు పక్కకి తీసి దారి ఇచ్చింది.

ఆవిడ ఈ వైపు, నేను ఆ వైపు. బండి వెళ్ళింది. నా వైపు అంతా బాగుందని చెయ్యెత్తాను.

తిరుగు దారి

ఆకుపచ్చ స్వెటరు ఆవతలి పాకలో మేకుకి తగిలించి వచ్చేశాను. కారులో చలేసింది. ప్రభాకర్ తన గోంగూర కోటు తీసి నా మీద కప్పాడు. దారిలో ఆ ఆటోమేటిక్ గేటు మళ్ళీ వచ్చింది. ఈసారి గేటు పడకపోయినా అతను కారు నెమ్మది చేసి పట్టాలకి రెండు వైపులా చూశాడు.

నేను ఇండియాకి వచ్చి చాలా రోజులైంది. వచ్చినప్పటి నుంచి ఒంట్లో బాగాలేదు, చర్చికి కూడా రిక్షాలో వెళ్తున్నాను. మొన్న పోస్టాఫీసు పక్కన ఫోనున్న వాళ్ళింటికి సుశీల ఫోను చేసింది. సగం మాటలు గాలిలోనే పోయాయి. సిటీవాళ్ళు కింది భాగం వరకే లీజు రాసి ఇచ్చారట. మార్గరెట్టమ్మ మేడమీదే ఉందట. విమల పెట్టిన గోంగూర మాత్రం ఒద్దందట.

"ఆవతలి వైపు?" అని గట్టిగా అరిచాను.

"ఆదివారం ఆదివారం ఎవరో ఒకరు వెళ్తున్నారు పెద్దమ్మా! మొన్న సామ్యూల్ గారే ప్రార్థన ఆపి వెళ్ళారట. వెళ్ళినవాళ్ళు నీ స్వెటర్ వేసుకుంటున్నారు. ఆయనకి చేతులు పట్టక చిరిగిందట. నీకు కొత్తది పంపనా?"

ఒద్దన్నాను. ఇక్కడ చలి లేదు. మిగతా రోజుల్లో ఆ వైపు ఎవరు చూస్తున్నారో అడగాలనుకున్నాను, ఇంతలో లైను కట్టయిపోయింది.